దృష్టాంతంలో నేను

"ఈ ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండదు" అని ఆయన పడగ్గదిలోంచి అన్నప్పుడు నేను పొయ్యి దగ్గరున్నాను. అప్పటికింకా గొంతు పెరగలేదు. ముందు గాలికి చెబుతారు, తర్వాత గోడకి చెబుతారు, ఆఖరికి నాకు చెబుతారు. ఆయన పద్ధతి అది. గోడ దాకా వచ్చిందని అర్థమై నేను మంట తగ్గించి, చేతులు తుడుచుకుని వెళ్ళాను.

"ఏం కావాలండీ?"

"నాకేం కావాలి? నా కళ్ళజోడు కావాలి. రాత్రి వాక్యం చదువుకుని ఈ బల్ల మీదే పెట్టాను."

"బల్ల జోలికి నేను రాలేదండీ."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? సర్దడం నీకొక జబ్బు. కనిపించిందల్లా సర్దేస్తావు. మా ఎమ్మే గారికి ఇంట్లో ఉంటే చేతులు ఊరుకోవు."

హాల్లో సోఫాలోంచి అత్తయ్య అందుకుంది. "మొన్న నా మందుల డబ్బా కూడా ఇంతే. వెతికి వెతికి నడుం పడిపోయింది." ఆ డబ్బా ఆవిడ దిండు కిందే దొరికింది. దొరికిన సంగతి ఆవిడ మర్చిపోయింది, పోయిన సంగతి మాత్రం గుర్తుంది.

నేను మంచం కిందకి వంగి చూశాను. కిటికీ గట్టు చూశాను. ఉతకాల్సిన బట్టల బుట్టలో చొక్కా జేబులన్నీ తడిమాను. ఈ ఇంట్లో పోగొట్టే హక్కు అందరికీ ఉంది, వెతికే బాధ్యత మాత్రం నాది. ఆయన గది మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని, నేనెటు వెళ్తే అటు తిరుగుతూ, "అక్కడెందుకుంటుంది? బుర్ర ఉండే వెతుకుతున్నావా?" అంటున్నారు.

ఆఫీసుకి తయారైన మా అమ్మాయి పాల కోసం ఫ్రిజ్ తెరిచింది. "నాన్నా, మీ కళ్ళజోడు ఇక్కడ గుడ్లు పొదుగుతోంది" అంది.

నిజంగానే గుడ్ల అరలో, రెండు గుడ్ల మధ్య ఒద్దికగా కూర్చునుంది. ఆయన వచ్చి తీసుకున్నారు. అద్దాలకి ఆవిరి పట్టింది. బనియను అంచుతో తుడుస్తూ, "ఫ్రిజ్‌లో పెట్టిందెవరు?" అన్నారు.

"మీరే నాన్నా. పడుకునే ముందు మంచినీళ్ళకి వెళ్ళారుగా. సీసా తీసి ఇది పెట్టుంటారు."

తుడుస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది. గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడు ఆయన కింది పెదవి కొంచెం లోపలికి పోతుంది. అంత పెద్ద ముఖంలో నిజం కనిపించే చోటు అదొక్కటే, అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తర్వాత పెదవి మళ్ళీ బయటికొచ్చింది. "సరేలే, టైమవుతోంది. తినడానికేమైనా ఉందా లేదా?" అన్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తేసరికి గిన్నె అడుగంటింది. "ఇంత చదువూ చదివి, పొయ్యి మీద గిన్నె చూసుకోవడం రాదు" అన్నారు వాసన పీలుస్తూ.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోయేదే, మధ్యలో ఆదివారం రాకపోతే.

మా ఆయన ఒక మందుల కంపెనీలో సేల్స్ మేనేజరు. గుమ్మంలో నిలబెట్టిన డాక్టరు చేత కూర్చోమనిపించి, మందు రాయించి, నవ్వించి బయటికొస్తారని కంపెనీలో పేరు. మా చర్చి సంఘానికి పెద్దల్లో ఒకరిగా ఎన్నుకున్నప్పటి నుంచి ఆ విద్య ఆదివారాలకి కూడా పనికొస్తోంది. ఫర్నిచర్ దుకాణం పైనున్న అద్దె హాల్లో మా ఆరాధన జరుగుతుంది. ఆ హాలు ఊడ్చి, కర్టెన్లు ఉతికి, ప్రభువు బల్లకి రొట్టె చేసి, ద్రాక్షరసం పోసే చిన్న గాజు గ్లాసులు కడిగి, పిల్లలకి తరగతి చెప్పేది నాలాంటి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. దాన్ని పరిచర్య అంటారు. ఆయన చేసేదాన్నీ పరిచర్యే అంటారు, కాకపోతే దానికి మైకు ఉంటుంది.

ఆ మైకులోకి వెళ్ళే మాటల్లో నావీ కొన్ని ఉంటాయి. "నువ్వు చరిత్ర చదివావు కదా, ఈ రాజుల్లో ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పు" అని శనివారం అడుగుతారు. నేను పని చేసుకుంటూ చెబుతాను. మర్నాడు అదే సంగతి, "నిన్న నేను మోకాళ్ళ మీద ఉండగా ప్రభువు బయలుపరిచాడు" అని వినిపిస్తుంది. మోకాళ్ళ మీద ఉన్నమాట నిజమే. సింకు కింద కారిన నీళ్ళు తుడుస్తూ ఉన్నది నేను.

మా సంఘంలో ఒక అలవాటుంది. ప్రసంగంలో ఎవరి గురించైనా దృష్టాంతం చెబితే, చివర్లో ఆ మనిషి లేచి నిలబడాలి. చెప్పింది కల్పన కాదు, ఇదిగో సజీవ సాక్ష్యం అని సభకి తెలియాలని పాతకాలం పెద్దలు పెట్టారు. మంచి ఉద్దేశంతోనే పెట్టుంటారు. తాగుడు మానినవాడు, మంచం పట్టి లేచినవాడు అలా నిలబడితే చూసేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. మా ఆయనకి తాగుడు మానినవాళ్ళు ఎక్కువగా దొరకలేదు. నేను దొరికాను. పాలు పొంగించి మొగుడి మీద విసుక్కున్న భార్య, స్తోమతకి మించిన చెప్పులడిగిన భార్య, అత్తగారికి ఎదురు చెప్పి తర్వాత కుమిలిపోయిన భార్య, అందరూ నేనే. కథ ముగిశాక "నిలబడమ్మా" అంటారు. ఇంట్లో ఎప్పుడూ అమ్మా అనరు. తలమీద ముసుగు సరిచేసుకుని లేస్తాను. సభ "ఆమెన్" అంటుంది. కూర్చుంటాను. పక్కనున్నావిడ నా మోకాలి మీద తట్టి, "ఎంత తగ్గింపమ్మా నీది, ఎంత వినయం" అంటుంది. ఆ మాట కోసం నా చెవులు కాచుకుని ఉండేవని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఆదివారం ఆయన ఎంచుకున్న అంశం, సత్యాన్ని గుర్తించడం, అహంకారాన్ని పక్కన పెట్టడం. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మైకు సరిచేసుకుని, నా వైపు చూసి చిన్నగా నవ్వారు.

"మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇంటికెళ్ళాక నాకు అన్నం పుడుతుందో లేదో." సభ నవ్వింది. "మొన్న పొద్దున్న నేను ప్రార్థనలో ఉన్నాను. నా భార్య ఇల్లంతా తిరుగుతోంది. నా కళ్ళజోడు ఎవరు తీశారు, నా కళ్ళజోడు ఎవరు తీశారు. నన్ను అంది. పెద్దావిడ, మా అమ్మని అంది. ఉద్యోగానికెళ్తున్న పిల్లని అంది. నేను ఒక్క మాట అనలేదు. లేచి, నెమ్మదిగా వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తీశాను. ఎక్కడుంది? ఆమె పెట్టిన చోటే ఉంది. గుడ్ల మధ్యలో."

సభ గొల్లుమంది. నవ్వు ఎంతసేపు ఉండనివ్వాలో ఆయనకి బాగా తెలుసు. చెయ్యెత్తి, గొంతు తగ్గించారు. "ప్రియులారా, చల్లటి అద్దాలకి ఆవిరి పట్టినట్టు మన కళ్ళకి అహంకారం పడుతుంది. ఎదురుగా ఉన్న సత్యం కనపడదు. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా చదువు గర్వమే నా కళ్ళు కప్పేసిందండీ అంది. నేనేమన్నాను? క్షమించాను అన్నాను. నిలబడమ్మా."

నాకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. సూదిలో దారం ఇప్పటికీ మొదటిసారికే ఎక్కిస్తాను. వారం వారం నన్ను చూసే మనుషులు, నా ఒట్టి ముఖాన్ని చూస్తూ, నిండుగా, నోరారా ఆమెన్ అన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను లేచి నిలబడ్డాను. అలవాటైన కాళ్ళు, అవే లేచాయి. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి కూడా ఆమెన్ అంది. నాకు స్పష్టంగా వినపడింది.

మెట్ల దగ్గర టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మా పాస్టరు పెద్దయ్య గారి భార్య. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయింది కాబట్టి అందరికీ టీచరమ్మే. "ఇకమీదట కళ్ళజోడు జాగ్రత్త తల్లీ" అంది నా కళ్ళలోకే చూస్తూ. "ఇంకెంత, రెండు ఆదివారాలు పోతే నువ్వు పాస్టరమ్మవి. అప్పుడు నీకు జాగ్రత్తలు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?"

పెద్దయ్య గారికి ఆరోగ్యం బాగుండక సంఘ కాపరి బాధ్యత నుంచి తప్పుకుంటున్నారు. ఆ చోటికి మా ఆయన్ని నియమించాలని పెద్దలంతా కూర్చుని నిర్ణయించారు. నియమించే రోజున సభ ముందు కాపరి కాబోయేవాడి భార్యని ఒక ప్రశ్న అడుగుతారు. "ఈయన సభలో చెప్పేది మీ ఇంట్లో నిజమేనా?" ఆమె "ప్రభువు సాక్షిగా, నిజమే" అనాలి. ఆమె కాదంటే నియామకం ఆగిపోతుంది. అలా అన్న మనిషి ఇంతవరకూ లేదు. మా ఆయన ఆ రోజు కోసం కొత్త కోటు కుట్టించుకుంటున్నారు. నన్నడగబోయే ప్రశ్న గురించి ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయా అని ఎవరు మాట్లాడుకుంటారు?

బుధవారం సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకొచ్చింది. దుకాణాలకి బోర్డులు తయారుచేసే చిన్న ఆఫీసులో అది ఈమధ్యే చేరింది. నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను.

"ఇవాళ పెద్ద గొడవయిందమ్మా. ఒక ఆసుపత్రికి బోర్డు చేశాం. తీరా బిగించబోతే గోడ కన్నా బోర్డు పెద్దది."

"ఎవరి పొరపాటు?"

"మా సీనియర్‌ది. కొలత ఆయనే తీశారు. కానీ ఆసుపత్రివాళ్ళు వచ్చి అరుస్తుంటే నన్ను పిలిచి, కొత్తమ్మాయండీ, చూసుకోలేదు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"సారీ అన్నాను." బిస్కెట్ల డబ్బా మూత తీస్తూ, చాలా మామూలుగా చెప్పింది. "నువ్వు చర్చిలో నిలబడతావు చూడు, అచ్చం అలాగే నిలబడ్డాను. తల కొంచెం దించి. ఒక్క నిమిషమేనమ్మా, అయిపోతుంది. తర్వాత సీనియర్ టీ తెప్పించి, మంచి పిల్లవి, పైకొస్తావు అన్నారు."

నా చేతిలో ఆయన బనియను ఉంది. దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

"అమ్మలూ, ఆ కళ్ళజోడు ఫ్రిజ్‌లోంచి తీసింది నువ్వే కదా?"

"నేనే. నాకు తెలీదా ఏంటి?"

"మరి ఆదివారం ఆమెన్ అన్నావు."

బిస్కెట్ నములుతూ నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరమేమీ లేదు. తేలిక లెక్క అడిగినదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వు నిలబడ్డావుగా. నీకు లేని బాధ మధ్యలో నాకెందుకు?" అంది.

అది వెళ్ళి స్నానం చేసింది, పాట పాడుకుంటూ తల తుడుచుకుంది, నాయనమ్మ పక్కన కూర్చుని టీవీ చూసింది. నేను ఆ బట్టల కుప్ప ముందే ఉండిపోయాను. ఇన్నాళ్ళూ నేను ఆ హాల్లో ఒంటరిగా నిలబడుతున్నాననుకున్నాను. పక్క కుర్చీలో ఒకతి కూర్చుని నిలబడడం నేర్చుకుంటోందని నాకు తట్టలేదు. వంట నేర్చుకోమంటే విసుక్కునే పిల్ల, ఇది మాత్రం అడక్కుండానే నేర్చుకుంది. తల ఎంత దించాలో, ఎంతసేపు దించాలో, దించాక ముఖం ఎలా పెట్టాలో. నేనేమో దాన్ని తగ్గింపు అనుకున్నాను. పోనీ అది తగ్గింపేనా? ఎవరేమన్నా పడి, లేచి నిలబడి, కూర్చున్నాక నాలో ఒక చల్లటి తృప్తి ఉండేది. వీళ్ళది ఇంత నీచబుద్ధి, నాది ఇంత ఓర్పు. పైనుంచి చూసే ఆయనకి తెలుసులే ఎవరు గొప్పో, అనుకునేదాన్ని. అంటే నేనూ పై మెట్టు మీదే ఉన్నాను. మా ఆయన అహంకారం మైకు పట్టుకుంటుంది, నాది ముసుగు కప్పుకుంటుంది, అంతే తేడా. నోరు తెరిస్తే నేను కూడా అందరిలాంటి గయ్యాళినైపోతానని, మోకాలు తట్టే చెయ్యి ఆగిపోతుందని భయం. ప్రభువు కూడా శిలువ వేయించిన అధికారి ముందు నోరు తెరవలేదు అని అత్తయ్య నాకు గుర్తుచేస్తూ ఉంటుంది, నేనేదైనా సమాధానం చెప్పబోయినప్పుడల్లా. నిజమే, తెరవలేదు. కానీ వాళ్ళు మోపిన నేరానికి తలూపనూ లేదు. నిలబడవయ్యా అనగానే అవును, నేనే చేశాను అనలేదు. మౌనం వేరు, ఆమెన్ వేరు. అదొక్క సంగతి తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది, అదీ నా కూతురు బిస్కెట్ నములుతూ చెబితే.

ముందు ఆయనకే చెప్పాలనుకున్నాను, ఇంట్లో, ఎవరూ లేనప్పుడు. శుక్రవారం పొద్దున్న నేను చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అద్దం ముందు నిలబడి, ప్రసంగంలో చెయ్యి ఎక్కడ ఎత్తాలో చూసుకుంటున్నారు.

"మొన్న సభలో చెప్పింది తప్పండీ."

"ఏది?"

"కళ్ళజోడు. అది మీది. నేను ఏడవనూ లేదు."

అద్దంలోంచే నన్ను చూసి నవ్వారు. "ఇంకా అక్కడే ఉన్నావా? అది దృష్టాంతం. కళ్ళజోడు ఎవరిదన్నది కాదు, అందులో సత్యం ముఖ్యం."

"ఎవరిదన్నది ముఖ్యం కాకపోతే మీదని చెప్పొచ్చు కదా. ఈ ఆదివారం ఒక్క మాట చెప్పండి, ఆ కళ్ళజోడు నాదే అని. నవ్వుతారు, అయిపోతుంది."

"నవ్వుతారా? నన్ను చూసా?"

"నన్ను చూసి నవ్వారు కదా."

కింది పెదవి లోపలికి పోయింది. ఒక్క క్షణం ఆశ కలిగింది నాకు. ఆయన ఇటు తిరిగారు. "కాపరి గురించి సభ అలాంటివి వినకూడదు. గొర్రెలు చెదిరిపోతాయి."

"ఫ్రిజ్‌లో కళ్ళజోడు పెడితే చెదిరిపోయే గొర్రెలా?"

"చూశావా, ఇదే. ఈ వెటకారమే." వేలు చూపించారు. ప్రసంగంలో ఎత్తాల్సిన వేలు అదే. "సంఘటన అటూ ఇటూ అయితే అయింది, నీ గురించి చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. నీకు చదువు గర్వం ఉంది. ఎదుటివాడి మాట ఒప్పుకోడానికి ప్రాణం పోతుంది నీకు. తగ్గించుకో. అంతమందిలో నీ గురించి చెబుతున్నానంటే అది నీకు గౌరవం, తెలుసా?"

నేను ఇస్త్రీపెట్టెని చొక్కా మీంచి తీసి నిలబెట్టాను, లేకపోతే మాడేది.

"కాలర్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి చెయ్యి" అన్నారు.

చేశాను. మంచి కాలర్ వచ్చింది. చేస్తూ, ఎదురుగా కనిపిస్తున్న నిజాన్ని ఒప్పుకోడానికి ఈ మనిషికి కావాల్సింది ఒక్క మాట, ఆ ఒక్క మాటకి ఎంత పహరా కాస్తున్నారో అనుకున్నాను. అంత కాపలా బ్యాంకులకి కూడా ఉండదు.

శనివారం మధ్యాహ్నం హాలు వెనక సింకు దగ్గర, మర్నాటి ప్రభువు బల్లకి గాజు గ్లాసులు కడుగుతున్నాను. బొటనవేలంత గ్లాసులు, గట్టిగా పడితే విరుగుతాయి, వదులుగా పడితే జారిపోతాయి. టీచరమ్మ పక్కన స్టూలు వేసుకుని తుడుస్తోంది.

"వచ్చే వారం నీకొచ్చే ప్రశ్న తెలుసుగా? ఒకసారి చెప్పి చూసుకుందాం. ఈయన సభలో చెప్పేది మీ ఇంట్లో నిజమేనా? ఊఁ, చెప్పు."

నేను గ్లాసు కడుగుతూనే ఉన్నాను.

"ప్రభువు సాక్షిగా, నిజమే. గట్టిగా చెప్పాలి తల్లీ, వెనక వరసకి వినపడాలి. గొణిగితే బాగుండదు."

"మిమ్మల్ని అడిగినప్పుడు మీరు గట్టిగానే చెప్పారా టీచరమ్మా?"

"చెప్పకేం? బళ్ళో అరిచిన గొంతు కదా." నవ్వింది. తర్వాత నవ్వు ఆగినా చెయ్యి ఆగలేదు. "ఆ రోజు పొద్దున్నే, బయల్దేరడం ఆలస్యమైందని టీ గ్లాసు నా మీదకి విసిరారు ఈయన. ఇదిగో, ఇక్కడ, నుదుటి మీద తగిలింది. ముసుగు ఇక్కడిదాకా లాక్కుని వచ్చాను. ప్రశ్న అడిగారు. నిజమే అన్నాను. మనం కాదంటే వీళ్ళు ఎక్కడ నిలబడతారు, చెప్పు."

"ప్రభువు సాక్షిగా అన్నారు కదా. ఆ తర్వాత ఏమీ అనిపించలేదా?"

ఆవిడ గ్లాసుని వెలుతురుకి ఎత్తి, మరక ఉందేమో చూసింది. "ఆ తర్వాత చాలాకాలం ప్రార్థన రాలేదు నాకు. మోకాళ్ళేసేదాన్ని, నోరు పెగిలేది కాదు. ఎవరికి చెప్పుకుంటాం? పాస్టరమ్మకి ప్రార్థన రావట్లేదని." గ్లాసు ట్రేలో బోర్లించింది. "నువ్వు మాత్రం గట్టిగా చెప్పు."

ఆవిడ వెళ్ళిపోయాక నేను ఆ సింకు ముందే కళ్ళు మూసుకున్నాను. చేతులు తడిగానే ఉన్నాయి. నాకు సహాయం చెయ్యమని అడగలేదు, ఆయన్ని మార్చమని అడగలేదు. నియమించే రోజున నా నోటితో నీ పేరు పెట్టి ఏం చెప్పమంటావు అని మాత్రం అడిగాను. జవాబు వినపడలేదు. వినపడిందంటే నేనూ మా ఆయనలా మాట్లాడినట్టే. కుళాయి కట్టేసి, గ్లాసులన్నీ ట్రేలో వరసగా బోర్లించాక, టీచరమ్మ నేర్పిన జవాబు ఒకసారి పైకి అనబోయి, సగంలో వదిలేశాను, అంతే.

ఆదివారం ఆయన ప్రసంగంలో నేను లేను. కాపరి బాధ్యతల గురించి చెప్పారు. కళ్ళజోడు నాదే అన్న మాట కోసం చివరి ప్రార్థన దాకా ఎదురుచూశాను. రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి మా మరిది వచ్చాడు. బల్ల చుట్టూ ఆయన, అత్తయ్య, మరిది, అమ్మాయి. నేను ఎప్పటిలాగే చుట్టూ తిరిగి వడ్డించాను. ఆయన మంచి హుషారుగా ఉన్నారు. కోటు కొలతల గురించి, సభకి ఎవరెవరిని పిలవాలన్నదాని గురించి మాట్లాడుతున్నారు.

"వదినా, వచ్చే వారం ఈ పాటికి నువ్వు పాస్టరమ్మవి" అన్నాడు మరిది. "తర్వాత నాలాంటి పాపులకి వడ్డించే తీరిక నీకుంటుందో లేదో. ఇవాళే ఇంకో ముక్క వెయ్యి."

వేశాను. నా కంచం తెచ్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వాళ్ళు తినడం అవకుండా నేను కూర్చోవడం కొత్త కాబట్టి అందరూ ఒకసారి తల ఎత్తారు.

"వచ్చే ఆదివారం పెద్దయ్య గారు నన్ను అడుగుతారు కదా, ఈయన సభలో చెప్పేది ఇంట్లో నిజమేనా అని" అన్నాను. "నేను కాదు అంటాను."

"జోకా వదినా?" అన్నాడు మరిది.

"జోకు కాదయ్యా. ప్రభువు సాక్షిగా అని ముందు అనిపిస్తారు. ఆ మాట అన్నాక అబద్ధం చెప్పలేను."

అత్తయ్య ముద్ద కంచంలో పెట్టేసింది. "దీనికేమైనా పట్టిందేంట్రా?" అని కొడుకుని అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. "వాడు ఎన్నాళ్ళ నుంచి కష్టపడుతున్నాడు. ఒక్క మాటతో వాడి పరువు మట్టిలో కలుపుతావా? మొగుడి తప్పు కడుపులో పెట్టుకోలేని ఆడది ఒక ఆడదేనా?"

"తప్పు ఉందని మీకూ తెలుసన్నమాట అత్తయ్యా."

ఆయన చెయ్యెత్తి తల్లిని ఆపారు. సభలో నవ్వుని ఆపినట్టే ఆపారు. గొంతు కూడా అక్కడిదే తెచ్చుకున్నారు, మెత్తటిది. "ఇదంతా ఆ కళ్ళజోడు కోసమేనా? ఒక్క కళ్ళజోడు?"

"కళ్ళజోడు కోసమే అనుకోండి. అయితే తేలికే కదా. నన్నడిగే ముందు మీరు సభలో చెప్పెయ్యండి. అది మీదని, ఫ్రిజ్‌లో పెట్టింది మీరని, నేను మీ చేతులు పట్టుకుని ఏడవలేదని. అప్పుడు నిజమే అంటాను. వెనక వరసకి వినపడేలా అంటాను."

"పోనీ చెప్పేస్తే పోలా అన్నయ్యా?" అన్నాడు మరిది. "నవ్వుకుంటారు, అంతేగా."

"నువ్వు నోర్ముయ్." మెత్తటి గొంతు పోయింది. "అంతమంది ముందు నిలబడి నేను అబద్ధమాడానని చెప్పనా?"

"అబద్ధమన్న మాట నేను అనలేదండీ" అన్నాను. "మీరే అన్నారు."

మరిది ఆయన్ని చూసి, నన్ను చూసి, "అసలేం జరిగింది?" అన్నాడు. ఆయన చెప్పడానికి నోరు తెరిచారు. ఈలోపు మా అమ్మాయి, కంచంలోంచి తల ఎత్తకుండానే, "ఫ్రిజ్‌లోంచి కళ్ళజోడు తీసింది నేను బాబాయ్" అంది. "అది నాన్నది." చెవులు ఎర్రబడ్డాయి దానికి. ఆఖరి మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

ఆయన కూతురి వైపు చూడలేదు. నన్నే చూశారు. ఇంతకుముందు ఆ చూపుకి నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేదాన్ని. ఆఖరికి ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, జాలి తెచ్చుకున్నారు.

"నీ మనసు ఇప్పుడు స్థిమితంగా లేదు. ఇంకా వారం ఉంది. వెళ్ళి, తలుపేసుకుని ప్రార్థన చేసుకో. దేవుడు నీ మనసు మారుస్తాడు."

"చేసుకున్నానండీ" అన్నాను. "మార్చాడు. అంతకుముందు నిజమే అందామనే ఉండేది."